కలుపు తీయడానికి ఏ పార కొనాలి, దాన్ని ఎలా వాడాలి

తొలకరి పడిందంటే చాలు, ఇదే ప్రశ్న మొదలవుతుంది. "పెరట్లో బెండ, వంగ, టమాటా వేశాం. కలుపు తీద్దామని పార కొన్నాం. ఆదివారమంతా తవ్వితే సోమవారం నడుం పట్టేసింది. పది రోజులు తిరక్కుండానే మళ్లీ పచ్చగా అయిపోయింది. ఇంకా మంచి పార ఏదైనా ఉందా?"

ఉంది. అయితే ఇక్కడ అసలు చిక్కు పారలో లేదు, తవ్వడంలో ఉంది. కొట్లో "పార ఇవ్వండి" అంటే మట్టి తవ్వే పార ఇస్తారు. కాలువ తీయడానికి, గుంట తవ్వడానికి, సిమెంటు కలపడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. కలుపు కోసం భూమిని తవ్వాల్సిన అవసరం లేదు. పై మట్టిని అంగుళం లోతులోపే గీరి, కలుపు మొక్కను మొదట్లో కోసి ఎండలో పడేస్తే చాలు. లోతుగా తవ్విన ప్రతిసారీ అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు పైకొస్తాయి. కాస్త వెలుతురు, కాస్త తడి తగలగానే మొలుస్తాయి. పది రోజులకు మళ్లీ పచ్చబడడానికి కారణం అదే.

ఈ పద్ధతి రెండు మూడు సెంట్ల పెరటి నుంచి పావెకరం కూరగాయల మడి దాకా సరిపోతుంది. అంతకు మించితే ఎద్దులు లాగే గుంటకనో, మోటారుతో నడిచే పవర్ వీడరునో చూసుకోవాలి.

ఏ పనికి ఏ పనిముట్టు

ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు ఉంటుంది కాబట్టి కొట్లో పేరు చెప్పడం కన్నా ఆకారం చెప్పి అడగడం మంచిది.

తొలిక, బొరిగె, కుర్పీ: చేతిలో పట్టుకుని కూర్చుని పనిచేసేవి. ఉల్లి, క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర, పాలకూర లాంటి దగ్గర దగ్గర సాళ్లకు, మొక్క మొదళ్ల దగ్గర పనికి వీటికి సాటి లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మాత్రం ఇవి కుదరవు. పని కూడా నెమ్మదిగా సాగుతుంది.

పొడవు కామ (పట్టుకునే కర్ర) ఉన్న దోకుడు పార: పలుచటి, వెడల్పు తక్కువ ఉన్న రేకు. నిలబడి ముందుకు చాచి, మన వైపు లాగుతూ నేలను గీరాలి. పెరటికి ఒక్కటే పనిముట్టు కొనగలను అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బెండ, వంగ, టమాటా, మిరప, గోరుచిక్కుడు సాళ్ల మధ్య పనంతా దీంతో అయిపోతుంది.

నెట్టే రకం: బ్లేడు నేలకు పరుపుగా ఉంటుంది, ముందుకు తోస్తే కోస్తుంది. ఇసుక కలిసిన ఎర్ర నేలల్లో హాయిగా సాగుతుంది. నల్లరేగడిలోనూ, రాళ్లున్న చోటా తోయడం కష్టం.

రెండు వైపులా కోసే రకం: గుర్రపు జీను రికాబులా వంగిన సన్న పట్టీ, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అమెరికాలో తోట వేసుకునే మనవాళ్లకు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా 'స్టిర్రప్ హో' లేదా 'హులా హో' అని దొరుకుతుంది. ఇక్కడ ఆన్‌లైన్‌లో వస్తోంది. మెత్తటి మడిలో పని చాలా వేగంగా అవుతుంది. గడ్డి ముదిరిన చోట కొనకండి, పట్టీ వంగిపోతుంది.

సైకిల్ గుంటక: ఒక చక్రం, రెండు పిడులు, వెనక బ్లేడు. పాత సైకిలు ఉంటే మీ ఊరి వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు. పది సెంట్లు దాటి, సాలుకూ సాలుకూ మధ్య కనీసం అడుగున్నర ఉంటేనే దీని గురించి ఆలోచించండి. రెండు సెంట్ల పెరట్లో దాన్ని తిప్పుకోవడానికే చోటు చాలదు.

కొట్లో చూడాల్సినవి

బరువు. తవ్వే పార తల ఒకటిన్నర, రెండు కిలోలు తూగుతుంది. దోకుడు పార తల అరకిలోకు కాస్త అటూఇటూ ఉంటే చాలు. చేత్తో ఎత్తి చూసి "ఇది మరీ తేలికేమో" అనిపించిందంటే అదే సరైనది. దీన్ని పైకెత్తి కొట్టే పనే లేదు కాబట్టి బరువుతో అవసరం రాదు.

వెడల్పు. మీ సాళ్ల మధ్య దూరంలోంచి ఇటు మూడంగుళాలు, అటు మూడంగుళాలు తీసేయండి. మిగిలినదానికి మించి బ్లేడు ఉండకూడదు. రెండడుగుల ఎడంలో వేసే బెండకూ టమాటాకూ ఐదారు అంగుళాల బ్లేడు సులువుగా ఆడుతుంది. ఉల్లికి సాళ్ల మధ్య దూరమే ఆరంగుళాలు. అక్కడ రెండంగుళాల తొలికే దిక్కు. వెడల్పు ఎక్కువుంటే పని త్వరగా అవుతుందనుకుని పదంగుళాల రేకు కొంటారు, మొదటి రోజే నాలుగు వంగ మొక్కలు తెగుతాయి.

రేకు. పల్చగా ఉండాలి, కానీ వంగకూడదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే లొంగే రేకు వద్దు. వేలి గోటితో కొడితే ఖణేల్‌మనాలి. మీ ఊళ్లో కమ్మరి ఉంటే పాత లారీ కమాను పట్టీతో చేయించుకోండి. ఆ ఉక్కు పదును పట్టి నిలుస్తుంది, కొట్లో దొరికే రేకు పారలకన్నా ఎక్కువ కాలం వస్తుంది.

కామ. నడుం నొప్పి అంతా ఇక్కడే ఉంది. కొట్లో బిగించి అమ్మే కామలు ఎక్కువగా మూడు, మూడున్నర అడుగులే ఉంటాయి. వాటితో పనిచేయాలంటే వంగక తప్పదు. నిటారుగా నిలబడి కర్రను పక్కన పెట్టుకుంటే అది మీ గడ్డం దాకా రావాలి. అంత పొడవు దొరక్కపోతే తల ఒక్కటే కొని కర్ర విడిగా వేయించుకోండి. తుమ్మ కర్ర గట్టిది కానీ బరువు. లోపల బోలు లేని గట్టి వెదురు తేలిగ్గా ఉంటుంది, చేతులకు సుఖం. లావు ఎంతంటే, పిడికిలి బిగిస్తే బొటనవేలు చూపుడువేలిని తాకాలి. కర్రంతా చేత్తో తడిమి చూడండి. పేడు లేచి ఉంటే గరుకు కాగితంతో రుద్దించి, నువ్వులనూనో అవిసెనూనో పట్టించండి.

వాలు. ఇది చాలామంది చూడరు. పార పట్టుకుని పనిచేసే భంగిమలో కొట్లోనే నిలబడండి. బ్లేడు అంచు నేలకు ఆనాలి, బ్లేడు కాస్త ఏటవాలుగా పడుకుని ఉండాలి. నిలువుగా గుచ్చుకునేట్టు ఉంటే అది గీరదు, తవ్వుతుంది. కమ్మరి దగ్గరైతే అక్కడికక్కడే వంచి సరిచేస్తాడు.

తలా కామా కలిసే చోట ఊగులాట ఉండకూడదు. కొన్నాక వదులైతే చిన్న చెక్క చీలిక దిగ్గొట్టండి. పార తలను నీళ్లలో నానబెట్టడం తాత్కాలికం. కర్ర ఎండగానే మళ్లీ వదులవుతుంది.

పని మొదలుపెట్టే ముందు దగ్గరుంచుకోవాల్సినవి

దోకుడు పార, చిన్న తొలిక, ఆకురాయి, గరిక వేళ్లు ఏరడానికి గంపో బకెట్టో, పాదాలు కప్పే బూట్లు, గ్లవ్స్, టోపీ లేదా తలగుడ్డ, నీళ్ల సీసా. చెప్పులేసుకుని పార పట్టకండి. పదును పెట్టిన దోకుడు పార నేరుగా మన కాళ్ల వైపే వస్తుంది. గడ్డి ఎత్తుగా ఉన్న చోట ముందు కర్రతో తట్టండి. వానాకాలంలో తేళ్లు, జెర్రులు, పాములు అక్కడే ఉంటాయి.

దశలవారీగా

1. పదును పెట్టండి. కొత్త పార అని వదిలేయకండి, కొట్లోంచి వచ్చిన పార మొద్దుగానే ఉంటుంది. పారను బల్లకు బిగించండి, లేదా గోడ అంచుకు ఆనించి ఎవరినైనా గట్టిగా పట్టుకోమనండి. అంచు ఏ వైపు వాలుగా ఉందో చూసి, ఆకురాయిని ఆ వాలు వెంటే ఒకే దిశలో, మీ నుంచి అవతలికి తోయండి. ముందుకూ వెనక్కూ రుద్దితే ఆకురాయి పళ్లు పోతాయి. రెండో వైపు లేచిన సన్నని రజను ఒకటి రెండు సార్లు తేలిగ్గా రుద్దితే పోతుంది. ఎలా తెలుస్తుందంటే, అంచును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మొద్దుబారిన చోట తెల్లటి గీత మెరుస్తుంది. పదునెక్కిన చోట ఏమీ మెరవదు. వేలితో నిలువునా రాసి చూడకండి. కత్తిలా పదును అక్కర్లేదు. కాగితం చిరిగేంత ఉంటే చాలు.

2. నేల పదును, అంటే మట్టిలో తడి పనికి సరిపడా ఉందో లేదో, చూడండి. ఈ పనంతటికీ ఇదే ఆయువుపట్టు. రెండంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేయండి. నడుం ఎత్తు నుంచి వదలండి. పడి పొడిపొడిగా విడిపోతే పదును సరిగ్గా ఉంది, వెంటనే పారందుకోండి. ముద్దగా అలాగే ఉంటే ఇంకా తడి ఎక్కువ, ఒకట్రెండు రోజులు ఆగండి. అసలు ఉండే కట్టకపోతే నేల ఎండిపోయింది. సాయంత్రం తేలిగ్గా నీళ్లు పెట్టి మర్నాడో ఎల్లుండో చూడండి. ఎర్ర నేలల్లో, ఇసుక నేలల్లో ఈ అదను వానపడ్డ మర్నాడే రావచ్చు. నల్లరేగడిలో ఆలస్యంగా వస్తుంది, వచ్చాక ఎక్కువసేపు ఉండదు. మొన్న బంక, ఇవాళ పదును, ఎల్లుండికి రాయి. రేగడివాళ్లు ఆదివారం దాకా ఆగుదామనుకుంటే కుదరదు.

3. ఎండ కాసే రోజు చూసుకోండి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి తొమ్మిదిన్నర, పదింటికల్లా ముగించండి. కోసిన కలుపును మిగతా రోజంతా ఎండ చూసుకుంటుంది. సాయంత్రం పనిచేస్తే మీకు చల్లగా ఉంటుంది, కలుపుకూ చల్లగా ఉంటుంది. రాత్రి మంచుకు మళ్లీ వేళ్లు పట్టేస్తుంది. మబ్బు పట్టి సాయంత్రం వాన వచ్చేలా ఉంటే ఆ రోజు వదిలేయండి.

4. నిలబడే తీరు. నిటారుగా నిలబడి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. పై చెయ్యి ఛాతీ దగ్గర, కింది చెయ్యి నడుం దగ్గర. చేతులతో లాగడం కాదు, బరువును ముందు కాలి నుంచి వెనక కాలికి మార్చండి, పార దానంతటదే వస్తుంది. పది, పదిహేను నిమిషాలకోసారి చేతులు మార్చండి. మొదట ఎడమచేతి వాటం ఇబ్బందిగా ఉంటుంది, నాలుగు సార్లు చేస్తే అలవాటవుతుంది. వంగుతున్నారంటే కామ పొట్టిదైనా అయి ఉండాలి, అంచు మొద్దుబారైనా ఉండాలి.

5. గీరండి, తవ్వకండి. పారను ఒకటిన్నర, రెండడుగుల దూరం చాచి నేలకు ఆనించి, గడ్డం గీసుకున్నట్టు పైపైన మీ వైపు లాగండి. లోతు అంగుళం దాటొద్దు. పైకెత్తి కొట్టడం అసలు వద్దు. పక్కపక్క లాగుళ్లు ఒకదానిమీద ఒకటి అంగుళం మేర కలవాలి, లేకపోతే మధ్యలో కలుపు పోగులు మిగిలిపోతాయి. సరిగ్గా సాగుతుంటే సన్నగా 'సరక్ సరక్' అని చప్పుడు వస్తుంది. 'దబ్' అని వినిపించిందంటే మళ్లీ తవ్వుతున్నారన్నమాట.

6. వెనక్కి నడవండి. గీరిన నేలను తొక్కితే కోసిన కలుపు వేళ్లు మళ్లీ మట్టికి అతుక్కుంటాయి. అందుకే ముందు నేలను గీరుతూ ఒక్కో అడుగూ వెనక్కి వేయండి. మడికి పక్కన బాట ఉంటే బాటలోనే నిలబడి పక్క నుంచి లాగండి. వెనక ఏముందో ఓసారి చూసుకోండి. డ్రిప్ పైపులు తగిలి పడ్డవాళ్లూ ఉన్నారు, పైపు కోసేసినవాళ్లూ ఉన్నారు. డ్రిప్ ఉంటే ముందు లేటరల్ పైపులను (సాళ్ల వెంట పరిచిన సన్న పైపులను) మొక్క మొదలుకు జరిపి పని మొదలుపెట్టండి.

7. మొక్కకు మూడంగుళాల దగ్గర పార ఆపేయండి. మిగిలింది చేత్తోనో తొలికతోనో. మొక్కను ఆనుకుని మొలిచిన కలుపును పీకేటప్పుడు, ఒక చేత్తో పైరు మొదలు దగ్గర మట్టిని అదిమి పట్టండి, లేకపోతే కలుపుతో పాటు పైరు వేరూ కదులుతుంది. మరీ పెనవేసుకుంటే పీకొద్దు, నేల మట్టానికి కత్తిరించేయండి.

8. ఏరాల్సినవి ఏరండి. అన్నీ ఏరాల్సిన పని లేదు. పూత రాని లేత కలుపును అక్కడే వదిలేస్తే ఎండి నేలకు కప్పుగా ఉంటుంది. గరిక, తుంగ, వెన్నదేవి, పావలికూర మాత్రం గంపలోకి రావాల్సిందే. వీటి ముక్క తడి నేల మీద పడితే మళ్లీ మొక్కే. పావలికూర పీకి పడేశాక కూడా దాని రసంతోనే గింజ కట్టేస్తుంది. పుల్లటి ఆకు గనక దాన్ని కంపోస్టులో వేయడం కన్నా పప్పులో వేయడం ఉత్తమం. పూతకొచ్చిన కలుపు ఏదైనా మడిలోంచి బయటికి వెళ్లాలి, కంపోస్టులోకి కూడా కాదు.

9. రెండు రోజులు నీళ్లు పెట్టకండి. మొక్క వాడినట్టు అనిపించినా ఒక్కరోజన్నా ఆగండి. కలుపు తీసిన వెంటనే నీళ్లు పెట్టడమంటే కోసినదాన్ని మళ్లీ నాటడమే. పైపాటుగా (పైరు ఎదుగుతుండగా) ఎరువు వేయాలనుకుంటే ఈ రెండు రోజులూ గడిచాక వేసి, మొదళ్లకు మట్టి ఎగదోసి, అప్పుడు నీళ్లు పెట్టండి. వంగ, టమాటా, బెండకు నాటిన నెల తర్వాత ఇలా ఎగదోసిన మట్టే మొదట్లో మొలిచే చిన్న కలుపును కప్పి చంపుతుంది.

10. వారం, పది రోజులకు మళ్లీ ఒక చుట్టు వేయండి. రెండోసారి మొదటిసారి పట్టిన టైమ్‌లో సగం కూడా పట్టదు. చాలామంది ఆపేసేది ఇక్కడే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కలుపు కంటికి బాగా కనబడ్డాక కాదు. నేల మీద సన్నటి దారప్పోగుల్లా, రెండాకులతో లేచినప్పుడే. ఆ దశలో దాని వేరు గోరంత కూడా ఉండదు, పార తగిలితే చాలు. జానెడు ఎత్తు పెరిగాక అదే పని పది రెట్లు.

కూరగాయలకు విత్తిన లేదా నాటిన మొదటి నలభై, నలభై అయిదు రోజులే కీలకం. ఆ లోపు కలుపు లేకుండా చూస్తే బెండ, వంగ, టమాటా కొమ్మలు కమ్ముకుని నీడ పడుతుంది, ఆ తర్వాత మొలిచేది పెద్దగా హాని చేయదు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం వేరు. వాటి ఆకు నిలువుగా సన్నగా ఉంటుంది, నేలకు నీడే పడదు. గడ్డ ఊరేదాకా కలుపు తీస్తూనే ఉండాలి. వాటి వేళ్లు పైపైనే ఉంటాయి గనుక గడ్డ పక్కన పార పెట్టకండి. బీర, సొర, దోస పాదులకు తీగ సాగే దాకానే పార. సాగాక చేత్తో పీకడం, కింద ఎండుగడ్డి పరవడం తప్ప వేరే దారి లేదు.

ఇంకా విత్తలేదా? అయితే అదృష్టవంతులు. మడి సిద్ధం చేసి, నీళ్లు పెట్టి, విత్తకుండా పది, పదిహేను రోజులు ఆగండి. పైపొరలో ఉన్న కలుపు గింజలు చాలామటుకు మొలుస్తాయి. ఒక ఎండరోజున వాటిని పైపైన గీరేయండి, లోతు కదిలించకుండా విత్తండి. కొత్తిమీర, క్యారెట్, పాలకూర వేసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు, ఎందుకంటే వాటిలో తర్వాత పార పెట్టడానికి చోటుండదు. తొందరపడి మధ్యలో ఇంకోసారి దున్నారంటే మాత్రం చేసినదంతా వృథా.

పారకు లొంగని కలుపు

తుంగ. పైన కోస్తే మూడో రోజుకే ఆకు లేస్తుంది. నేల కింద గొలుసులా గడ్డలుంటాయి. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. లోతుగా తవ్వితే గొలుసు తెగి ఒక్కో గడ్డా ఒక్కో మొక్క అవుతుంది. మరేం చేయాలి? మొలిచిన మూడు, నాలుగు వారాలకే అది కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ అవకాశం ఇవ్వకుండా పది, పన్నెండు రోజులకోసారి గీరుతూ పోవాలి. గడ్డలో దాచుకున్న బలమంతా ఆకులకే ఖర్చయ్యి నీరసపడుతుంది. ఒక్క పంటలో పోదు. ఇది నీడను ఓర్చుకోలేదు కాబట్టి తుంగ ఉన్న మడిలో ఉల్లి వేయకండి, అలసంద లాంటి దట్టంగా కమ్ముకునేది వేయండి. ప్లాస్టిక్ మల్చ్ వేస్తే పోతుందని కొంటారు, తుంగ మొన ఆ షీటును పొడుచుకుని బయటికొస్తుంది.

గరిక. దీన్ని గీరకండి. ప్రతి గణుపూ మళ్లీ వేరు వేస్తుంది. పంట లేనప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో పలుగుతోనో ముళ్ల పారతోనో తవ్వి, వేళ్లు తెంపకుండా లాగి, ఎండలో పెళపెళలాడేదాకా ఉంచాలి. పెరటి కలుపు విషయంలో తవ్వడానికి న్యాయమైన పని ఇదొక్కటే. వినాయక చవితికి కావాలని ఒక మూల గరిక ఉంచుకునేవాళ్లు దాన్ని కుండీలో ఉంచుకోండి.

వయ్యారిభామ. పూత రాకముందే, తడి నేలలో, వేరుతో సహా పీకాలి. గ్లవ్స్, పూర్తి చేతుల చొక్కా లేకుండా ముట్టుకోకండి. చాలామందికి దద్దుర్లు, దురద, ఉబ్బసం వస్తాయి.

గునుగు, తోటకూర జాతి కలుపు, గలిజేరు, నేల ఉసిరి, గడ్డిచామంతి లాంటివి పారకు సులువుగానే లొంగుతాయి. తెలంగాణలో గునుగును కంచె వెంట బతుకమ్మ దాకా ఉంచుకుంటే ఉంచుకోండి, పండగయ్యాక గింజ రాలకముందే తీసేయండి.

మడి మొత్తం కలుపుమయమై పోయి, పార ఎక్కడ పెట్టాలో తెలియని స్థితిలో ఉంటే ఆ సీజన్ యుద్ధం మానేయండి. వేసవిలో మడి చదును చేసి, తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచండి. లోపలి వేడికి పైపొరలోని గింజల్లో చాలా భాగం చచ్చిపోతాయి. నల్ల షీటు కాదు, అవతలివైపు కనబడే షీటే. తుంగ మీద దీని ప్రభావం అంతంత మాత్రం.

ఎక్కువగా జరిగే తప్పులు

మడిలో కలుపు తీసి గట్లు వదిలేయడం. గట్టు మీద గింజ కట్టిన గడ్డి నుంచి వచ్చే ఏడాది మడిలోకి మళ్లీ కలుపు వస్తుంది. గట్టు మీద కొడవలితో పూతకు ముందే కోసేయండి. గీరితే గట్టు జారిపోతుంది.

మాగని పశువుల ఎరువు వేయడం. పశువు తిన్న గడ్డి గింజల్లో కొన్ని పేడలో బతికే ఉంటాయి. పచ్చి పేడ వాసన పోయి, నల్లగా పొడిపొడిగా చివికిన ఎరువే వేయండి. "మేం కలుపు మందు కొట్టం, అయినా మాకే ఎందుకింత కలుపు" అని అడిగేవాళ్లలో సగం మందికి జవాబు ఎరువు గుంటలో ఉంటుంది.

మధ్యలో పదును పెట్టకపోవడం. ఇసుక నేలైతే అరగంటకోసారి, మిగతా నేలల్లో గంటకోసారి ఆకురాయి నాలుగు సార్లు లాగండి. రాయి తగిలి అంచు చిట్లితే అక్కడికి ఆపి సరిచేసుకోండి. మొద్దు పార కలుపును కోయదు, వంచుతుంది. వంగిన కలుపు సాయంత్రానికి లేచి నిలబడుతుంది.

పనయ్యాక పారను మడిలోనే, అంచు పైకి పెట్టి వదిలేయడం. చీకట్లో తొక్కితే కామ మొహానికి తగులుతుంది, అంచు కాలికి. మట్టి రాల్చి, పొడి గుడ్డతో తుడిచి, ఒక చుక్క నూనె రాసి గోడకు వేలాడదీయండి. దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టేవాళ్లమే కదా, మిగతా పదకొండు నెలలూ వాటిని తుప్పుకు వదిలేయడం ఏం బాగుంటుంది.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

ఆ రోజు సాయంత్రం: కోసిన కలుపు నాలుగు చోట్ల తీసి వేళ్లతో నలపండి. వాడి మెత్తబడో, పొడిపొడిగానో ఉండాలి. ఇంకా బిగువుగా, పచ్చగా ఉంటే నేలలో తడి ఎక్కువుంది, లేదా వేళ్లతో పాటు మట్టిగడ్డ లేచింది. మర్నాడు పొద్దున గడ్డలు చిదిపి వేళ్లు పైకి తిప్పండి.

అదే సమయంలో ఒకచోట వేలు గుచ్చి లోతు చూడండి. వదులైన మట్టి వేలి మొదటి కణుపు దాటి ఉంటే మీరు లోతుగా వెళ్తున్నారు.

మూడో రోజు: పైరు మొక్కల్లో మధ్యాహ్నం తలవాల్చి సాయంత్రానికి కూడా కోలుకోనివి ఉన్నాయా చూడండి. ఉంటే వాటి వేళ్లు తెగాయి. ఆ మొక్కలకు మాత్రం కాస్త నీళ్లు పోసి, మొదలు దగ్గర మట్టి అదిమి, రెండు రోజులు ఎండుగడ్డితో నీడ పెట్టండి.

వారం తర్వాత: మళ్లీ లేచినవాటిని పీకి చూడండి. కింద పాత వేరు లావుగా ఉండి పైన కొత్త చిగురుంటే మొన్న సరిగ్గా తెగలేదు, పార పదును చూసుకోండి. గింజ తొడుగుతో, సన్నటి తెల్లవేరుతో వస్తే అవి కొత్తగా మొలిచినవి. మీ పని తప్పు కాదు, రెండో చుట్టుకు వేళయిందంతే. రెండో చుట్టు కన్నా మూడో చుట్టులో మొలకలు పల్చబడాలి. పల్చబడకపోతే ఎక్కడో లోతుగా కదిలిస్తున్నారు, లేదా గట్ల నుంచి, ఎరువు నుంచి కొత్త గింజ చేరుతోంది.

కొమ్మలు సాళ్ల మధ్య కలిసిపోయి, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా నేల మీద ఎండ మచ్చలు తప్ప పరుచుకున్న ఎండ కనబడకపోతే పార పక్కన పెట్టేయండి. ఇక అక్కడ గీరితే పైరు వేళ్లకే దెబ్బ. అక్కడక్కడా తల ఎత్తిన కలుపును కాయలు కోసే రోజున చేత్తో లాగేస్తే సరిపోతుంది.